మిస్త్రీ చెప్పిన కీసు

పైడమ్మ ఫోన్ చేస్తే నేను ఫోన్‌ని చెవికి జానెడు దూరంలో పట్టుకుంటాను. రైస్‌మిల్లులో మెషీన్ల రొద మీదుగా అరిచి అరిచి సాగిన గొంతు ఆమెది. మొన్న జూన్ మొదట్లో, శృంగవరపుకోటలో మా ఇంటి వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఆమె ఫోన్ వచ్చింది. అలవాటుగా దూరం పెట్టాను. ఏమీ వినపడలేదు. దగ్గరికి తెచ్చుకున్నాను. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకప్పటిదాకా తెలియదు.

"మిస్త్రీ ఎల్లిపోనాడమ్మీ" అంది.

రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదట. నేను పేపర్ల మీద రాయి బరువు పెట్టి, లోపలికి వెళ్లి సంచీ సర్దుకున్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఆయన నాకు చుట్టం కాదు. పాతపట్నం దగ్గర ఒక రైస్‌మిల్లులో మెషీన్లు చూసుకునే మిస్త్రీ. ఎచ్చెర్లలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేను మన వైపు శబ్దాల మాటలు పోగుచేసేదాన్ని. తలుపు కిర్రుమనడం, పిండి మర గరగరమనడం, నూనెలో ఆవాలు చిటపటమనడం, ఇలాంటివి. ఊరూరా తిరిగి, ఎవరే మాటని ఎప్పుడు వాడతారో అడిగి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అన్ని మాటలూ బాగానే వచ్చాయి గానీ, 'కీచు' దగ్గర చిక్కుపడ్డాను. కీచు అంటే ఏమిటని ఎవర్ని అడిగినా ఏదో ఒక ఆడమనిషిని చూపించేవారు. పక్కింటి కోడలు, చేపల బుట్టావిడ, బడిలో టీచరు. ఆవిడ గొంతే కీచంటే, అని నవ్వేవారు. ఇలా అయితే నీ పుస్తకంలో శబ్దాలుండవు, తిట్లుంటాయి, అన్నారు మా గైడు మేష్టారు.

పాతపట్నం బస్టాండు దగ్గర టీ కొట్టతనికి నా గోడు చెప్పుకుంటే, ఆ మిల్లుకి వెళ్లమన్నాడు. అక్కడి మిస్త్రీకి వినడం తప్ప వేరే పని లేదని, షావుకారు తండ్రి హయాం నుంచీ ఆ మిల్లు ఆయన చెవి మీదే నడుస్తోందని చెప్పాడు.

వరి నూర్పులైపోయి మిల్లు రెండు పూటలా ఆడుతున్న రోజులవి. లోపలికి వెళ్లేసరికి తవుడు దుమ్ములో మనుషులు తెల్లగా కదులుతున్నారు. ఆయన గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, ఒట్టికాళ్లతో సిమెంటు నేల మీద నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, అరవై దాటిన మనిషి. ఖాకీ చొక్కా జేబులోంచి నూనె తుడిచే నూలుపీచు బయటికి వేలాడుతోంది. చేతిలో మూరెడు స్క్రూడ్రైవరు. దాని మొన మెషీనుకి ఆనించి, పిడి చెవి వెనకాల ఎముకకి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేను పక్కన నిలబడి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. పనిలో ఉన్నాడనుకుని ఊరుకున్నాను.

కళ్లు తెరిచి నన్ను చూశాక, నేనొచ్చిన పని చెప్తుంటే నా మొహంకేసే చూస్తూ విన్నాడు. మాటల కోసం వచ్చానంటే ఆయనకి నవ్వొచ్చింది. మాటలకేటి, మిల్లు నిండా ఉన్నాయి, రాసుకో అన్నాడు.

అర్థం చెప్పడం ఆయనకి చేతకాదు. 'గర్రు' అంటే ఏమిటంటే గొంతులో గర్రుమనిపించి, పళ్ల చక్రాల్లో రాయి పడితే ఇలాగంటుంది అనేవాడు. ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటరు డబ్బా రేకుకి తగిలితే 'టక్కు', బెల్టు వదులైతే 'టపా టపా', ఊక గొట్టం ఊపిరాడకపోతే 'బుస్సు'. ఒక్కోదానికీ మొహం మారిపోయేది. దవడ కిందికి జారేది, బుగ్గలు పొంగేవి. బస్తాలు మోసే కలాసీలు పని ఆపి మరీ చూసేవారు. మిస్త్రీకి ఈవేళ పూనకం వచ్చిందర్రా అనుకునేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

కీచు దగ్గరికొచ్చేసరికి నా నోటుబుక్కు తీసుకుని, నేను రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. తల అడ్డంగా తిప్పాడు.

"ఇది మీ సదువుకున్నోల్ల కీచు. బేరింగు కీచనదు, కీసుమంటాది. సివర సాగాల. సాగకపోతే అది కీసు కాదు."

నేను వెంటనే మార్చి రాసుకున్నాను. ఆడవాళ్ల గొంతుకి కూడా వాడతారు కదా మావా అని అడిగితే, ఆయనకి నచ్చలేదు. బేరింగులో గ్రీజు అయిపోయి ఇనుము ఇనుముని కొరుక్కుంటే వచ్చేది కీసు. దానికి ఆ ఒక్క దారే ఉంది పాపం, మనిషికి నోరుంది కదా, మనిషి మాట్లాడుతుంటే మాట వినాలి గానీ గొంతుకి పేరు పెట్టడమేమిటన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అవతల పైడమ్మ చీపురుతో తవుడు ఊడుస్తూ కలాసీలని గట్టిగా కేకలేస్తోంది. వాళ్లు ఆమెని కీసుగొంతుదనే పిలిచేవారు. ఆయన ఒక్కడే ఆమె మాట వస్తే పైడమ్మ అనేవాడు.

కానీ వాళ్లిద్దరికీ మాటల్లేవని మిల్లులో చెప్పుకునేవారు. నిజమేననిపించేది. ఆమె పిలిస్తే ఆయన తిరిగి చూసేవాడు కాదు. ఆమె కూడా పిలవడం మానేసి, చీపురు కర్రతో ఇనపస్తంభం మీద కొట్టేది. అప్పుడు తిరిగేవాడు. ఆమె వేలితో ఎటో చూపించేది. ఆయన గ్రీజుగన్ను పట్టుకుని అటు వెళ్లేవాడు. ఏనాటి తగువో అనుకున్నాను.

అసలు సంగతి నాకు మూడోసారి వెళ్లినప్పుడు తెలిసింది. టెక్కలి వైపు ఇంకో మిల్లులో ఒక శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చాను. చెవిలో సూది దిగినట్టుండే శబ్దం. ఇదేనా కీసు అని ఆయనతో అనిపించుకుని సంతకం పెట్టించుకోవాలని నా ఆశ. మిల్లుకి మధ్యాహ్నం భోజనాల విరామం. అంతా నిశ్శబ్దంగా ఉంది. నేను ఫోన్ ఆన్ చేసి ఇచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. తీసి తెర కేసి చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. శబ్దం నాకు రెండు గజాల దూరానికి కూడా పళ్లు జివ్వుమనిపిస్తోంది.

"సౌండు పెట్టినావేటి?" అన్నాడు.

అప్పుడే అన్నం గిన్నె కడుక్కుని వస్తున్న పైడమ్మ, అది ఎలివేటరు తల మీద బేరింగని, గ్రీజు లేక ఏడుస్తోందని దూరం నుంచే అరిచి చెప్పింది. ఆయన ఆ మాటా వినలేదు. నా మొహం చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో, ఫోన్ నా చేతికిచ్చి, జేబులో నూలుపీచు తీసి, శుభ్రంగా ఉన్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయనే చెప్పాడు. నాలుగేళ్లయింది, సన్నటి శబ్దాలు పోయాయి. లావు శబ్దాలు వినిపిస్తాయి. మగవాళ్ల మాటలు చాలావరకు తెలుస్తాయి, మొహం చూస్తే మిగతావి అందుతాయి. పైడమ్మ గొంతు అసలు అందదు. చెప్పులు విప్పేది మిల్లంటే భక్తి అనుకుంటున్నారు గానీ, నేల వణుకు అరికాళ్లకి తెలియడానికి. కింది మెషీన్లన్నీ అలా కాలికి, చేతికి దొరుకుతాయి. దొరకనిది ఎలివేటరు తలకాయ ఒక్కటే. అది పైకప్పు దగ్గర ఉంటుంది. అక్కడి వణుకు నేలదాకా రాదు. అక్కడ బేరింగు ఎండిపోతే కీసే చెప్పాలి. అది పైడమ్మ వింటుంది. మొదట్లోనే ఆమె కనిపెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. స్తంభం మీద కొట్టడం ఆమె ఏర్పాటే.

"నువ్వూ సెప్పకమ్మీ" అన్నాడు. "షావుకారుకి తెలిస్తే ఇంటికి ఎల్లమంతాడు. ఇంటికాడ నానేటి సేస్తాను?"

చెప్పనన్నాను. బస్సులో తిరిగొస్తూ మాత్రం నా మాట మీద నాకే భయం వేసింది. దుమ్ము నిండిన మిల్లు. నిప్పురవ్వ పడితే చాలు. చెప్పడం న్యాయమా, చెప్పకపోవడం న్యాయమా అని ఎచ్చెర్ల చేరేదాకా కొట్టుకున్నాను. ఏమీ తేల్చుకోలేక ఊరుకున్నాను.

నెల తిరిగాక మళ్లీ వెళ్లాను. పైడమ్మ కనబడలేదు. కూతురికి పురుడొచ్చిందని రెండ్రోజుల సెలవు మీద వెళ్లిందన్నారు. మిస్త్రీ అవతల పాలిషరు విప్పుకుని కూర్చున్నాడు. నేను బస్తాల వరస దగ్గర నిలబడి నోటుబుక్కు తిరగేస్తున్నాను. పైనుంచి ఒక శబ్దం మొదలైంది. మొదట దోమ రొదలా, తర్వాత గాజు మీద మేకుతో గీసినట్టు. చివర సాగుతోంది. ఆయన చెప్పినట్టే సాగుతోంది.

నేనేం చేశానో దాచకుండా చెప్పాలి. ఫోన్ తీసి రికార్డు చేశాను. ఇంత శుద్ధమైన కీసు నాకెక్కడా దొరకలేదని సంతోషపడ్డాను. చెయ్యి కదలకుండా పైకెత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గరుంది. నిమిషం పైచిలుకు. ఆ నిమిషమంతా మిల్లులో ఎవరూ తలెత్తలేదు. రోజూ విని విని కలాసీలకి అదొక శబ్దం కాదు. వినవలసినామె ఊళ్లో లేదు. వినగలిగిన నేను ఫోన్ పట్టుకుని ఉన్నాను.

కాలిన వాసన తగిలాక నాకు బుద్ధొచ్చింది. పరుగెత్తి ఆయన భుజం పట్టుకుని కుదిపి, పైకి చూపించాను. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. లేచి, వెళ్లి, మెయిన్ స్విచ్ లాగేశాడు. మిల్లు మొత్తం ఆగిపోయింది. ఎవరు ఆపమన్నారని ఆఫీసు గదిలోంచి షావుకారు కేక వినిపించింది. అప్పటికే ఆయన ఇనప నిచ్చెన ఎక్కుతున్నాడు. ఆ వయసులో, ఒట్టికాళ్లతో, ఒక చేత్తో నీళ్ల డబ్బా పట్టుకుని.

బేరింగు మీద నీళ్లు పోస్తే సుయ్‌మని ఆవిరి లేచింది. చుట్టూ పేరుకున్న ఊకదుమ్ము నల్లగా మాడి ఉంది, అంటుకోవడమే తరువాయి. దాని వెనక, పైకప్పు దాకా పేర్చిన బస్తాల దొంతర మీద, అప్పన్న అనే కలాసీ ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. అటువైపు దిగడానికి వేరే దారి లేదు. మిస్త్రీ వాణ్ణి లేపి, ముందు వాణ్ణి దింపి, వెనక తను దిగాడు.

షావుకారు వచ్చాడు. నలభై ఏళ్లవాడు, మిస్త్రీని చిన్నప్పట్నుంచి చూసినవాడు. పైకి చూశాడు, మాడిన దుమ్ము చూశాడు, సంగతి అర్థమైంది. మిస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, ఇలాంటి చెవి జిల్లా మొత్తంలో లేదని, నాన్నగారు ఊరికే నెత్తిన పెట్టుకోలేదని అందరికీ వినబడేలా అన్నాడు. కలాసీలు తలలూపారు. మిస్త్రీ ఊరుకుంటే సరిపోయేది. నేనూ నోరు మెదిపేదాన్ని కాదు. ఆయన నూలుపీచుతో చేతులు తుడుచుకుంటూ అప్పన్న వైపు చూశాడు. వాడు ఇంకా నిద్రమత్తులో, ఏం జరిగిందో తెలియక, తల గోక్కుంటున్నాడు.

"బాబూ, నాను ఇన్నేదు" అన్నాడు. "ఈ అమ్మీ ఇన్నాది. నాకు కీసు ఇనబడక నాలుగేల్లైపోనాది. పైడమ్మ ఇని సూపిస్తంటే నాను సేస్తన్నాను. ఇయ్యేల పైడమ్మ నేదు."

షావుకారు చెయ్యి భుజం మీంచి జారిపోయింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. చెప్తే పొమ్మంటావు కదా అన్నాడు మిస్త్రీ. మరి ఇప్పుడెందుకు చెప్తున్నావంటే, గడ్డం ఎత్తి అప్పన్నని చూపించాడు.

"ఆడు పైన తొంగున్నాడు బాబూ."

అంతే. ఆ మాటతో మిల్లులో ఉద్యోగం పోయింది. షావుకారు చెడ్డవాడు కాదు, బెదిరిపోయాడు. నేను మిస్త్రీతో పాటు రోడ్డు దాకా నడిచాను. నా ఫోన్ సంగతి ఆయనకి చెప్పాను. ఒక నిమిషం పైన రికార్డు చేస్తూ ఉండిపోయాను మావా అని ఆ రోడ్డు మీద ఎండలో చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆయన నా నోటికేసి చూసి పూర్తిగా అర్థం చేసుకున్నాడు.

"ఎలాగోలాగ ఇన్నావు గదా, ఒగ్గేయ్" అన్నాడు.

మూడోనాడు పైడమ్మ తిరిగొచ్చింది. తర్వాత జరిగింది నాకు కలాసీలు చెప్పారు. ఆమె నేరుగా ఆఫీసు గది గుమ్మంలో నిలబడి షావుకారుని నిలదీసింది. తను నాలుగేళ్లుగా వింటోందని, వినడానికి ఎవరూ తనకి పని అని పేరు పెట్టలేదని, తన గొంతుకి మాత్రం పేరు పెట్టారని అంది. ఆ గది అద్దాలు అదిరాయట. చివరికి అన్న మాట మాత్రం ఇప్పటికీ మిల్లులో చెప్పుకుంటారు.

"ఆడికి సెయ్యుంది, నాకు సెవుంది. ఇద్దరం కలిస్తే నీకొక మిస్త్రీ."

షావుకారు వెంటనే ఒప్పుకోలేదు. టౌన్ నుంచి ఇంకో మెకానిక్కుని పిలిపించాడు. ఆ అబ్బాయి తెలివైనవాడే గానీ, ఆ పాత మెషీన్ల మనసు తెలియదు. మిల్లు ఒక రోజు ఆడితే రెండు రోజులు ఆగింది. పదిహేను రోజులయ్యాక షావుకారు స్వయంగా మిస్త్రీ ఇంటికి వెళ్లాడు. షరతు ఒక్కటే, నిచ్చెన ఎక్కకూడదు. మిస్త్రీ కూడా ఒక షరతు పెట్టాడు. గ్రీజుగన్ను పైడమ్మ చేతికివ్వాలి.

అలా ఆమె చీపురు దించి మెషీన్ల మీద చెయ్యి వేసింది. మొదటిసారి పైకెక్కినప్పుడు కింద కలాసీలు ఈలలు వేశారట. మిస్త్రీకి ఈలలు వినబడవు కదా, నవ్వుతున్న మొహాలు మాత్రం కనబడ్డాయి. స్క్రూడ్రైవరుతో స్తంభం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఊరుకున్నారు. రెండేళ్లలో ఆమెకి బేరింగు విప్పడం, ఎక్కించడం, బెల్టు అతకడం అన్నీ వచ్చేశాయి. ఏ బేరింగు ఎన్నాళ్లకి ఏడుస్తుందో ముందే చెప్పేది. ఆయన గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, పాదాలు నేలకి ఆనించి కూర్చునేవాడు.

ఈలోగా నేనూ పైడమ్మా ఆయన్ని శ్రీకాకుళం తీసుకెళ్లి చెవి పరీక్ష చేయించాం. డాక్టరు చెవి మెషీను రాసిచ్చాడు. అది పెట్టుకుని మిల్లులోకి వెళితే రొద అంతా ఒక్కసారి మీద పడి, తల పగిలిపోయిందన్నాడు. కీసు మాత్రం అందులోనూ దొరకలేదు. రెండు రోజులు చూసి డబ్బాలో పెట్టేశాడు. మళ్లీ ఎంత చెప్పినా తియ్యలేదు.

నా థీసిస్ పూర్తయ్యాక, ఇవ్వబోయే ముందు, కీచు మాట ఉన్న పేజీ పట్టుకుని వెళ్లాను. ఆయన ఇంటి అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ఒక్కో మాటా విడదీసి, ఆయన నా పెదాలు చూసేలా చదివాను. కీచు, ఉత్తరాంధ్రలో కీసు. సన్నగా సాగే కర్కశ శబ్దం. చెవిని పొడుస్తుంది. వినడానికి బాధ కలిగిస్తుంది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. చివరి మాట మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"బాదని రాయకమ్మీ" అన్నాడు. "నాకు ఒక్కపాలి ఇనబడితే సాలు."

ఆ ముక్క నేను అక్కడే, ఆయన చూస్తుండగా, పెన్నుతో కొట్టేశాను. మరి ఈ మాట ఎలా వాడతారో ఒక వాక్యం చెప్పు మావా అని అడిగాను. ఎక్కువసేపు ఆలోచించలేదు. కీసు ఇనబడితే ముందు మిసను ఆపు, తరవాత అడుగు, అన్నాడు. అదే ఉదాహరణగా వేశాను. కింద పేరు వెయ్యనా అంటే, పేరెందుకు, మిస్త్రీ అని రాయి, ఈ చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది అన్నాడు. అందుకే ఇక్కడ కూడా పేరు రాయలేదు.

పైడమ్మ ఫోన్ చేసిన మర్నాడు నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. మిల్లు ఆ పూట ఆపేశారు. కలాసీలు అరుగు కింద కూర్చున్నారు. పైడమ్మ నూనె మరకల చీరతోనే పొయ్యి దగ్గర వంట చూస్తోంది. నేను లోపలికి వెళ్లి ఆయన భార్య పక్కన కూర్చున్నాను. అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

చెవి పోయిన సంగతి ఆయనకి మిల్లులో తెలియలేదట, ఇంట్లో తెలిసిందట. ఓ ఏడు తొలకరి పడ్డాక, సందెవేళ అరుగు మీద కూర్చుని, కీసురాళ్లు ఈ ఏడు రాలేదేమిటే అని అడిగాడట. ఇంటి చుట్టూ చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. అరుస్తున్నాయి కదయ్యా అందట ఆవిడ. ఆయన అన్నం తిని పడుకున్నాడు. అప్పట్నుంచి ఏటా వానల వేళకి ఒకటే అడిగేవాడట, వచ్చినాయా అని. వచ్చాక ఈవిడ వచ్చినాయని చెప్పేది. సరేనని తలూపేవాడు.

"ఎల్లిపోయే ముందు సందేల కూడా అడిగినాడమ్మీ."

ఈ ఏడు ఇంకా చినుకు పడలేదు. నేను బస్సులో వస్తూ చూశాను, దారి పొడుగునా పొలాలు ఎండి నెరలు తీసి ఉన్నాయి. ఏం చెప్పావత్తా అని అడిగాను.

ఆవిడ నా చెయ్యి వదిలి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఒచ్చినాయనే సెప్పినాను. జాంసెట్టు కాడ ఒకటి అరస్తందయ్యా అన్నాను. అటేపు సెవి పెట్టుకుని తొంగున్నాడు."